అమ్మ, నాన్న అంటే మాటలు వచ్చినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

గ్రహణం మొర్రి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేశారని పేపర్లలో అప్పుడప్పుడు ఫొటోలు వస్తుంటాయి. ఆపరేషన్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి. చూసినప్పుడల్లా సంతోషమే. కానీ ఆ రెండో ఫొటోలో ఉన్న పిల్లలు ఐదారేళ్లకు నాలాంటి వాళ్ల క్లాసులో కూర్చుంటారు. అక్కడి సంగతి ఎక్కడా కనిపించడం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను నాగర్‌కర్నూలు జిల్లాలో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. సర్వీసు 19 ఏళ్లు.

మా మూడో తరగతిలో ఒక బాబు ఉన్నాడు. 2018 జూన్‌లో పెదవి, అంగిలి రెండూ చీలి పుట్టాడు. ప్రతి 700 కాన్పుల్లో సుమారు ఒక బిడ్డ ఇలా పుడుతుందంటారు. పాలు పీల్చలేకపోతే అమ్మమ్మ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పట్టి బతికించింది. ఐదో నెలలో పెదవికి, ఏడాదిన్నరకు అంగిలికి ఆపరేషన్ అయింది. రూపాయి ఖర్చు కాలేదు. కుట్టు ఎంత బాగా వేశారంటే ఇప్పుడు సన్నటి గీత తప్ప ఏమీ తెలియదు. మూడు నెలలకు మళ్లీ తీసుకురమ్మన్నారట. అది 2020 మార్చి. లాక్‌డౌన్ వచ్చింది. ఆ తర్వాత వాళ్లూ పిలవలేదు, వీళ్లూ పోలేదు. ముఖం బాగైంది కదా అనుకున్నారు.

"అమ్మ అన్నడు, నాన్న అన్నడు, ఇంక మాటలొచ్చినట్టే అనుకున్నం మేడం" అంది తల్లి. నిజమే, ఎవరైనా అలాగే అనుకుంటారు. మ, న రెండూ ముక్కుతో పలికే అక్షరాలు. అంగిలి సరిగ్గా పని చేయకపోయినా వచ్చేస్తాయి. మన పిల్లలు మొదట అనే రెండు మాటలూ అవే కావడంతో లోపం బయటపడదు. చిక్కంతా తాత, అక్క, బాబాయి దగ్గర మొదలవుతుంది. ప, బ, త, ద, క, గ పలకాలంటే నోట్లో గాలి బిగబట్టి వదలాలి. అంగిలి వెనక భాగం పైకి లేచి ముక్కు దారి మూయకపోతే ఆ గాలి ముక్కులోకి పోతుంది. మావాడు 'బడి' అంటే 'మణి' అని వినపడేది. 'తాత'లో రెండు 'త'లూ మాయమై, గొంతులో చిన్న నొక్కు మాత్రం మిగిలేది. వాడి పేరులో కూడా ఒక 'బ' ఉంది. పేరు చెప్పమంటే తల దించుకునేవాడు.

ఇందులో నా తప్పూ ఉంది. బిగ్గరగా చదివించి మార్కులు వేసే పరీక్షలో, రెండో తరగతి అంతా వాడికి 'చదవలేడు' అని రాస్తూ పోయాను. ఒకరోజు ఎందుకో తోచి, నాలుగు చీటీల మీద పలక, చీపురు, బకెట్, తాళంచెవి అని రాసి చేతిలో పెట్టాను. చదవొద్దు, వెళ్లి పట్టుకురా అన్నాను. మూడు వస్తువులు తెచ్చి నా టేబుల్ మీద వరసగా పెట్టాడు. నాలుగోదాని కోసం నా హ్యాండ్‌బ్యాగ్ వైపు చూసి ఆగిపోయాడు. బీరువా తాళంచెవి అందులోనే ఉంటుందని వాడికి తెలుసు! వాడికి చదవడం వచ్చు, వినిపించడమే రాదు.

వెనక బెంచీలో కూర్చునేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. మొండివాడు అనుకున్నాం. చెవికీ గొంతుకూ మధ్య ఉండే సన్న గొట్టాన్ని తెరిచేవి అంగిలి కండరాలే. అవి సరిగ్గా పని చేయకపోతే చెవి పొర వెనక నీరు చేరుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు. నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉంటుందంతే. జలుబు చేస్తే ఎక్కువ, తగ్గితే తక్కువ. డిక్టేషన్ ఒకరోజు మొత్తం రాసి, ఇంకోరోజు సగం వదిలేసేది ఇందుకే. అంగిలి చీలి పుట్టిన పిల్లల్లో ఇది చాలా మామూలట. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే తరఫున బడికి వచ్చిన డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసి పైకి రాసింది కాబట్టి మాకు తెలిసింది. పెదవి ఒక్కటే చీలిన పిల్లల కన్నా అంగిలి చీలిన పిల్లలు చదువులో ఎక్కువ వెనకబడుతున్నారని ఇంగ్లండ్‌లో ఐదేళ్ల పిల్లల మీద జరిపిన పరిశీలనలో తేలింది. వాణ్ని చూశాక నాకు అది వింతగా అనిపించలేదు.

తర్వాత హైదరాబాద్‌లో స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆ అమ్మాయి చిన్న అద్దం వాడి ముక్కు కింద పెట్టి "పా పా పా" అనమంది. రెండుసార్లు అద్దం మీద ఆవిరి పట్టింది, మూడోసారి పట్టలేదు. "పట్టని సారి ఉందంటే ముక్కు దారి మూసుకోగలుగుతున్నాడు, అలవాటు చేయించాలి" అంది. అప్పటిదాకా నేను ఎవరో చెబితే విని వాడితో రోజూ బెలూన్లు ఊదిస్తున్నాను. వాటితో మాట రాదు మేడం, అక్షరం పలికిస్తేనే వస్తుంది అని నవ్వింది. ఒక ప్యాకెట్ బెలూన్లు ఇంకా నా డెస్కులో ఉన్నాయి.

ఇంత జరిగినా ఇంట్లో నింద మాత్రం తల్లి మీదే. 2018 జనవరి 31 చంద్రగ్రహణం రోజు ఆమె ఉల్లిగడ్డ కోసిందట, అందుకే ఇలా అయిందట. నేను వాళ్ల అత్తమ్మ ముందు వేళ్లు మడిచి లెక్క చెప్పాను. ఆ రోజుకు కోడలికి ఐదో నెల. బిడ్డ పెదవి ఏడో వారానికల్లా, అంగిలి మూడో నెలలోపే అతుక్కోవాలి. అతుక్కోనిది గ్రహణానికి ఎప్పుడో ముందే. ఆమె ఒప్పుకోలేదు గానీ, ఆ రోజు నుంచి నా ముందు ఆ మాట ఎత్తడం లేదు.

సికింద్రాబాద్‌లో వినికిడి, మాట లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం లాంటివి ఉన్నాయి. కానీ మా ఊరి నుంచి పోయి రావాలంటే ఇద్దరికి రోజు కూలి పోతుంది, థెరపీ ఏమో నెలల తరబడి సాగాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నాయి కదా, అక్కడ వారానికి ఒకరోజు స్పీచ్ థెరపిస్ట్ కూర్చునేలా చూడాలని అధికారులను కోరుతున్నాను. ఆపరేషన్ చేసి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద వినికిడి పరీక్ష ఎప్పుడు, మాట పరీక్ష ఎప్పుడు అని తెలుగులో తేదీలు రాయించాలి. ఆ కాగితం జిరాక్స్ బడిలో చేరేటప్పుడు మాకూ ఇవ్వాలి.

మావాడికి 'ప' వచ్చింది. 'బ' సగం వచ్చింది. 'క' ఇంకా గొంతులోనే ఉంది. ఎనిమిదేళ్లు దాటాక పై చిగురు చీలిక దగ్గర ఎముక పెట్టే ఆపరేషన్ ఇంకోటి ఉంటుందని చెప్పారు. పత్తి ఏరడం అయిపోయాక తేదీ అడుగుదామని వాళ్ల నాన్న అంటున్నాడు. నేనూ వెళ్తాను, రెండు సీఎల్‌లు మిగిలి ఉన్నాయి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
నాగర్‌కర్నూలు జిల్లా