భూమికి మంచిదైతే ఒంటికీ మంచిదేనా?

ప్రియమైన వాసూ,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. అప్పటినుంచి అదే ఆలోచన. భూమి మీద భారం తగ్గించాలని ఇంటిల్లిపాదీ మాంసం, గుడ్లు, పాలు ఒక్కసారిగా మానేశామని రాశావు. నీ మనసు నాకు తెలుసు కాబట్టి సంతోషించాను. కానీ "భూమికి మంచిదైతే ఒంటికీ మంచిదే కదా" అన్నావు చూడు, అక్కడే నాకు పేచీ.

పంచదార సంగతి చూడు. అదే శక్తినిచ్చే మాంసంతో పోలిస్తే దానివల్ల వెలువడే కర్బనం చాలా తక్కువ. మైదా కూడా అంతే. ఆ రెండింటితోనే కడుపు నింపుకుంటే భూమి లెక్క బాగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం గుల్లవుతుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఒంటికీ భూమికీ మేలు చేసే తిండి ఎలా ఉండాలన్న విషయం మీద 16 సూత్రాలు ప్రకటించాయి. వాటిలో మొదటి ఎనిమిదీ ఆరోగ్యానివే. అన్నిటికన్నా ముందున్నది పసిబిడ్డకు తల్లిపాలు! నేలా నీరూ ఆ తరువాతే వచ్చాయి. ఆ వరుస నాకెంతో నచ్చింది. తినేవాడి ఒంటికి పట్టని తిండి ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పు?

నా దిగులంతా మీ అమ్మాయి గురించే. పదమూడేళ్ల పిల్ల, ఇనుము ఎక్కువగా కావలసిన వయసు. మాంసంలోని ఇనుము ఒంటికి పట్టినంత సులువుగా ఆకుకూరల్లోది పట్టదు. భోజనంలో నిమ్మరసమో, సి విటమిన్ ఉన్న పండో ఉంటే మేలు. తిన్న వెంటనే టీ తాగితే ఆ కాస్తా తగ్గుతుంది. ఇక బి12 విటమిన్ అయితే మొక్కల నుంచి నమ్మకంగా దొరకదు. పాలు, గుడ్లు కూడా మానేశారు కాబట్టి మాత్రలో, బి12 కలిపిన ఆహారమో తప్పనిసరి. ఇందులో మొహమాటం వద్దు.

నిన్ను వెనక్కి లాగాలని కాదు. 2017లో తిండి లోపాల వల్ల ప్రపంచంలో సుమారు కోటీ పది లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ముఖ్య కారణాలు ఉప్పు ఎక్కువ కావడం, ముడిధాన్యాలూ పండ్లూ తక్కువ కావడం. అందుకే ఏం మానేశామన్నదాని కన్నా, ఆ చోట కంచంలోకి ఏం వచ్చిందన్నదే నాకు ముఖ్యం. పప్పులు, గింజలు, కూరగాయలు వచ్చాయా, లేక బిస్కెట్లా? నీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

అమ్మాయికి ఒకసారి రక్తపరీక్ష చేయించు. హిమోగ్లోబిన్, బి12 రెండూ చూడమని డాక్టరుగారిని అడుగు. ఫలితం రాగానే ఉత్తరం కోసం ఆగకుండా ఫోను చెయ్యి.

నీ
రఘు