బాబాయ్ సంతకం పెట్టే ముందు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, పైగా పిన్నికి కూడా చదివి వినిపించాలి కదా, అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. బాబాయ్‌ని చూసే కిడ్నీ డాక్టరు "మా యూనివర్సిటీ ఆస్పత్రిలో ఒక ట్రయల్ (మందు పనిచేస్తుందో లేదో రోగుల మీద పరీక్షించి చూడటం) నడుస్తోంది, చేరతారా" అని అడిగారనీ, ఆ మాట విన్న దగ్గర్నుంచీ పిన్ని "మనిషి మీద ప్రయోగాలు చేస్తారట" అని నిద్రపోవడం లేదనీ రాశావు. ఇలాంటి ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా ఆరేళ్లు పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. చేరమనీ చెప్పను, వద్దనీ చెప్పను. అది బాబాయ్ తేల్చుకోవాల్సిన విషయం.

ముందు పిన్ని భయం సంగతి. అది ఊరికే పుట్టిన భయం కాదురా, దయచేసి తీసిపారేయకు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని టస్కీగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న దాదాపు 400 మంది పేద నల్లజాతి మగవాళ్లకు అసలు జబ్బేమిటో చెప్పకుండా, పెన్సిలిన్‌తో నయమవుతుందని తెలిశాక కూడా ఆ మందు అందనీయకుండా, జబ్బు ఎంత దూరం పోతుందో చూస్తూ కూర్చున్నారు. చేసింది ప్రభుత్వ ఆరోగ్య విభాగమే. ఆ మధ్యలోనే, నాజీ డాక్టర్లు చేసిన ఘోరాల విచారణ తర్వాత 1947లో, మనిషి ఒప్పుకోకుండా ప్రయోగం చేయకూడదనే నూరెంబర్గ్ నియమాలు వచ్చాయి, 1964లో ప్రపంచ వైద్యుల సంఘం అలాంటి నియమాలతోనే హెల్సింకీ ప్రకటన చేసింది, టస్కీగీ బయటపడ్డాక చట్టాలు ఇంకా బిగిశాయి. రేపు బాబాయ్ చేతిలో పెట్టే ఆ లావుపాటి కన్సెంట్ ఫారం (అంగీకార పత్రం) వెనక ఇంత మంది బాధ ఉంది. అందుకే దాన్ని చదవకుండా సంతకం పెట్టేవాళ్లని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక "మందు మంచిదని డాక్టర్లకి తెలిస్తే నేరుగా ఇవ్వొచ్చు కదా, ఈ ట్రయల్ ఎందుకు" అని అడిగావు. తెలియదు కాబట్టేరా! గుండెపోటు వచ్చిన వాళ్లలో గుండె లయ తప్పితే ప్రాణానికి ప్రమాదమని అందరికీ తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ తప్పే లయని చక్కగా అణిచేవి, ఈసీజీలో కళ్లకు కనిపించేది. అంటే మరణాలు తగ్గాలి కదా? డాక్టర్లు అలాగే నమ్మి రాసేవాళ్లు. చివరికి ఉత్తుత్తి మాత్రతో, అంటే చూడటానికి అలాగే ఉండి లోపల మందేమీ లేని మాత్రతో, పోల్చి చూస్తే, 1989లో వచ్చిన లెక్క ఇది: మందు వేసుకున్న 730 మందిలో 56 మంది పోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 725 మందిలో 22 మంది. మందే ప్రాణాలు తీస్తోందన్న మాట, అదీ మంచి మనసున్న డాక్టర్ల చేతుల మీదుగా. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒక్కో డాక్టరు తన దగ్గరికొచ్చిన పదిమందిని చూసి ఇది ఎప్పటికీ కనిపెట్టలేడు, ఎందుకంటే గుండెపోటు వచ్చినవాళ్లు పోతే జబ్బు వల్లే పోయారనుకుంటాం.

నువ్వు పంపిన ట్రయల్ కాగితం ఫొటోలో ఫేజ్ 3, అంటే మూడో దశ, అని ఉంది. ఫేజ్ 1లో కొద్దిమందికి ఇచ్చి శరీరం తట్టుకుంటుందా, ఎంత మోతాదు దాకా పోవచ్చు అని చూస్తారు. ఫేజ్ 2లో జబ్బున్న వాళ్లకి, మహా అయితే కొన్ని వందల మందికి ఇస్తారు. ఆ రెండూ దాటాకే బాబాయ్ దాకా వచ్చింది. అలాగని నిరపాయమని హామీ ఏమీ లేదు. అరుదుగా వచ్చే సైడ్ ఎఫెక్టులు వేలమంది వాడితే కానీ తేలవు, అందుకే మందు మార్కెట్లోకి వచ్చాక కూడా ఫేజ్ 4 అని గమనిస్తూనే ఉంటారు.

అసలు జనానికి మింగుడుపడనిది చీటీల సంగతి. ఎవరికి కొత్త మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు తేలుస్తుంది. డాక్టరు చేతిలో ఉండదు, నీ సిఫారసు పనిచేయదు. డాక్టర్ని ఎంచుకోనిస్తే తెలియకుండానే కాస్త గట్టిగా ఉన్నవాళ్లకి కొత్త మందు ఇచ్చేస్తాడు, అప్పుడు కోలుకుంటే అది మందు గొప్పా, మనిషి గట్టితనమా? 1948లో బ్రిటన్‌లో టీబీకి స్ట్రెప్టోమైసిన్ అనే మందు పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. మందు అందరికీ సరిపడా లేదు, అందుకే సీలు వేసిన కవర్లతో 107 మందిని రెండు గుంపులు చేశారు. ఆరు నెలలకి మందు తీసుకున్న 55 మందిలో నలుగురు పోతే, మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది పోయారు. ఆ తేడాని ఎవరూ కాదనలేకపోయారు. ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

నేను చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. ఒక పెద్దాయనకి గంటసేపు అన్నీ వివరించాను, ఓపిగ్గా తలూపారు, సంతకం పెట్టారు. లేచి వెళ్తూ "కొత్త మందు రేపట్నుంచే ఇస్తారా అమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. చీటీ మాట ఆయన చెవిన పడింది కానీ మనసుకి ఎక్కలేదు, ఎందుకంటే డాక్టరు ఏదిచ్చినా మన మంచికే ఇస్తాడని జీవితమంతా నమ్మిన మనిషి. మళ్లీ కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను. ఆ రోజు నుంచి సంతకానికి ముందు "మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండి" అని అడగడం అలవాటు చేసుకున్నాను. నువ్వూ బాబాయ్‌ని అలాగే అడుగు. ట్రయల్ మొదటి ఉద్దేశం రేపటి రోగుల కోసం ఒక జవాబు కనిపెట్టడం. బాబాయ్‌కి మేలు జరగొచ్చు, జరక్కపోవచ్చు. ఇది ఆయనకి స్పష్టంగా తెలియాలి.

ఉత్తుత్తి మాత్ర అంటే వైద్యం ఆపేస్తారని పిన్ని అనుకుంటోందేమో. ఫొటోలో ఉన్నదాన్ని బట్టి ఇప్పుడు వాడే మందులన్నీ రెండు గుంపులవాళ్లకీ అలాగే నడుస్తాయి, వాటి పైన ఇంకో మాత్ర కలుస్తుంది, అంతే. అది ఏదో బాబాయ్‌కీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. కానీ ఎమర్జెన్సీ వస్తే, ఎవరికి ఏది ఇస్తున్నారో చెప్పే కోడ్ విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది. ట్రయల్ నడిపేవాళ్లతో సంబంధం లేని ఒక కమిటీ మధ్యమధ్యలో లెక్కలు తెరిచి చూస్తుంది, ఒక గుంపుకి హాని కనిపిస్తే అక్కడితో ఆపించేస్తుంది. పైన చెప్పిన గుండె మందుల ట్రయల్‌లో ఆ మందుల్ని మధ్యలోనే ఆపింది అందుకే.

యూనివర్సిటీ ఆస్పత్రి కంపెనీలకి అమ్ముడుపోయిందని మీ అన్నయ్య అన్నాడట. కంపెనీల డబ్బుతో నడిచేవి చాలానే ఉన్నాయి, ఎవరి డబ్బో ఫారంలో రాసి ఉంటుంది, నిలబెట్టి అడుగు. కానీ ఎవరికీ లాభం లేని ప్రశ్నలు అడిగేది కూడా ఇలాంటి చోట్లే. 2020లో కోవిడ్ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు డెక్సామెథాసోన్‌ని పరీక్షించారు గుర్తుందా, ఏనాటిదో పాత చవక స్టెరాయిడ్. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అదే ట్రయల్‌లో, అందరూ ఎగబడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆస్పత్రిలో చేరినవాళ్లకి పనిచేయదని తేలింది.

ఫారం అక్కడికక్కడ సంతకం పెట్టొద్దు, ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వం, ఇప్పుడే పెట్టండి అంటే లేచి వచ్చేయండి. మామూలు చికిత్స కంటే ఎన్నిసార్లు ఎక్కువ తిరగాలి, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ట్రయల్ అయిపోయాక మందు పనిచేస్తున్నట్టయితే ఇస్తారా ఆపేస్తారా, ఇవన్నీ అడగండి. చివరిది చాలామంది అడగరు, తర్వాత బాధపడతారు. బాబాయ్ వాడే ఆకు మందులు, పొడులు అన్నీ దాచకుండా చెప్పాలి. చేరాక ఏ రోజైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు, మామూలు వైద్యానికి ఏ లోటూ రాకూడదు. అయితే చెప్పాపెట్టకుండా మాత్ర ఆపేయొద్దు, కొన్ని మందులు మెల్లగా తగ్గించాలి.

బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పిన్నిని కూడా తీసుకెళ్లు, ఇంట్లో వదిలేయకు. లోపలికి వెళ్లగానే డాక్టరు అనుమతి అడిగి ఫోన్ స్పీకర్‌లో పెట్టు. నేనూ వింటాను, మీరు మర్చిపోయిన ప్రశ్న ఏదైనా ఉంటే నేనడుగుతాను.

నీ
పద్మ