బిల్లు లేని పత్తి విత్తనం

సంపాదకులకు,

ఈ వానాకాలం మా పక్క చేలో గడ్డిమందు కొట్టాక కలుపంతా మాడిపోయినా పత్తి మొక్కలు మాత్రం పచ్చగానే నిలిచాయి. ఆ విత్తనం పేరు, లాట్ నంబరు, బిల్లు ఏవీ లేకుండా లూజుగా వచ్చింది. 2002లో, పురుగును తట్టుకునేలా జన్యువులు మార్చిన బీటీ పత్తిని అనుమతించిన మన దేశంలో గడ్డిమందును తట్టుకునేలా జన్యువులు మార్చిన పత్తికి అనుమతి లేదు. మొలకెత్తకపోతే, బిల్లు లేని రైతు ఎవరిని నిలదీయగలడు? 2024 జులైలో జన్యుమార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్న తీర్పులిచ్చినా, కేంద్రం జన్యుమార్పిడి పంటలపై జాతీయ విధానం రూపొందించాలన్న విషయంలో ఏకీభవించారు. ఆ విధానం దొంగ విత్తనం కొన్న రైతును కాక, దాన్ని తయారుచేసి అమ్మినవారిని బాధ్యులను చేయాలి. ఇలాంటి పంట మనుషులకు, పశువులకు, పర్యావరణానికి హాని చేస్తుందా అని చూసే జీవభద్రత పరీక్షల నివేదికలను, అనుమతికి ముందే, రైతులు చదవగలిగే తెలుగులో బయటపెట్టాలి.

– ఒక పత్తి రైతు, ఆదిలాబాద్ జిల్లా