పేర్లు వేయొద్దన్నవాళ్లకు

కవితల పుస్తకం బైండింగ్ నుంచి వచ్చేసింది. డెమ్మీ 1/8 సైజు, 128 పేజీలు, 500 కాపీలు. సగం ఫాంటసీ కవితలు, సగం సొంత బతుకువి. ప్రచురణ వివరాలుండే ఇంప్రింట్ పేజీలో కవి, ముఖచిత్రకారుడు, ప్రెస్సు తప్ప వేరే పేరు లేదు. పుస్తకానికి చేయి వేసిన మిగతావాళ్లంతా వద్దంటే వద్దన్నారు. సరే, పేర్లు వద్దు. చేసిన పనులు చెప్పడానికి అడ్డు లేదుగా!

మొదటి దండం ప్రూఫులు చూసిన మాస్టారికి. పాత కవితలు యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్నాయి, కొత్తవి ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టినవి. అను నుంచి యూనికోడ్‌కి మారిస్తే ఒత్తులు అక్కడక్కడ పక్క అక్షరానికి అంటుకుంటాయి. అది కంటికి తెలుస్తుంది. తెలియనిది ఇంకొకటుంది: పొల్లు తర్వాత ఉండే కనపడని విరుపు కాపీ పేస్టులో రాలిపోవడం. ‘హైదరాబాద్‌లో’ కాస్తా ‘హైదరాబాద్లో’ అయి కూర్చుంటుంది. మాస్టారు పొల్లున్న ప్రతి మాటనూ విడిగా వెతికించారు.

ఫాంటసీ కవితలకు ఇంకో చిక్కు. కల్పించిన పేర్లకు ఏ నిఘంటువూ సాక్ష్యం రాదు. ‘నీలజిహ్వ’ అనే నది నాలుగు కవితల తర్వాత ‘నీలిజిహ్వ’ అయితే, కవి కావాలని మార్చాడా, టైపు తప్పా? అందుకే ఆయన ముందుగానే పేర్ల పట్టీ అడిగారు. నదులు, ఊళ్లు, పక్షులు కలిపి 37 తేలాయి. ఆ కాగితం పక్కన పెట్టుకునే చదివారు. ఫాంటసీ రాసేవాళ్లు రాతప్రతితోపాటే ఇలాంటి పట్టీ ఇస్తే ప్రూఫు చూసేవాళ్ల ప్రాణం కుదుటపడుతుంది.

పేజీలు కట్టిన డీటీపీ అన్నకు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకపోతే తెలుగు ఒత్తులు విడిపోతాయని చెప్పి, మొదటి రోజే అది సరిచేశారు. 12 పాయింట్ల అక్షరానికి 15 లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) ఇస్తే, పై వరుసలోని ‘స్త్రీ’ కింది వరుస గుడికి తగులుతోంది. 18 చేశారు. వచనానికైతే 17తో సరిపెట్టుకోవచ్చేమో గానీ, కవితకు ఆ గాలి కావాలి. రెండు పేజీల కవితలన్నీ సరిసంఖ్య పేజీలో, అంటే ఎడమవైపు మొదలుపెట్టారు. పేజీ తిప్పకుండా కవిత మొత్తం కంటికి ఆనుతుంది. వరుస కుదరని చోట మధ్యలో ఒక పేజీ కవితను ఇరికించారు. అన్నిటికంటే మెచ్చుకోవలసింది: రెండు చరణాల మధ్య ఖాళీ సరిగ్గా పేజీ అడుగున పడితే, చదివేవాళ్లకు అక్కడ ఖాళీ ఉందనే తెలియదు. అలాంటివి ఐదుచోట్ల పట్టుకుని, చరణం మధ్యలో పేజీ విరిగేలా ఒక పంక్తి అటో ఇటో జరిపారు. శీర్షికలకు ‘సూరన్న’ ఫాంటు వాడమన్నదీ ఆయనే. ‘కళాపూర్ణోదయం’ అనే మాయల కథాకావ్యం రాసిన పింగళి సూరన పేరున్న ఉచిత ఫాంటు అది. మాయల కవితల నెత్తిన ఆ పేరుండటం, ఎవరూ గమనించకపోయినా, బాగుంది.

లీడింగ్ పెంచేసరికి పుస్తకం 134 పేజీలకు పోయింది. ఫారం అంటే ఒక షీటుకు రెండు వైపులా పడే 16 పేజీలు. ఎనిమిది ఫారాలకు 128. మిగిలిన ఆరు పేజీల కోసం తొమ్మిదో ఫారం వేస్తే పది పేజీలు తెల్లగా మిగులుతాయి. అప్పుడు రాతప్రతి చదివిన చెల్లెమ్మ మూడు కవితలు తీసేయమంది. రెండు సొంత కవితలు ఒకే దుఃఖాన్ని రెండుసార్లు చెబుతున్నాయట. మూడోది ఫాంటసీ, అందులో వర్ణనే తప్ప జరిగేదేమీ లేదట. ఆమె మాటే నిజం. ఇంట్లోవాళ్ల పేర్లున్న కవితలను అచ్చుకు ముందే వాళ్లకు చూపించమన్నదీ ఆమే. ఒక పేరు మారింది, కవిత చెడలేదు.

ప్రెస్సులో కాగితం లెక్క చూసిన పెద్దాయనకు: కాపీకి ఎనిమిది షీట్లు, 500 కాపీలకు 4,000, అంటే ఎనిమిది రీములు, వేస్టేజికి అర రీము పైన. కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లిథో రకం. వెన్ను ఆరు మిల్లీమీటర్ల చిల్లరే వచ్చింది కాబట్టి దాని మీద పుస్తకం పేరొక్కటే వేయించారు. ముదురు నీలం అట్ట మీద బార్‌కోడ్ స్కానరుకు అందదని తెల్ల గడి కట్టించారు. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ నుంచి ఐఎస్‌బీఎన్ (బార్‌కోడ్‌లో ఉండే పుస్తకం గుర్తింపు సంఖ్య) ఉచితంగానే వస్తుంది, కానీ అట్ట ప్రింటుకు వెళ్లకముందే అది చేతిలో ఉండాలి.

బైండింగ్ అక్కలకు ప్రత్యేకం. ఒట్టి జిగురుతో అంటిస్తే పుస్తకం వెడల్పుగా తెరిచినప్పుడు వెన్ను పగిలి పేజీలు ఊడొస్తాయి. ఎనిమిది ఫారాలనూ దారంతో కుట్టి, ఆ తర్వాతే అట్ట తొడిగారు. బల్ల మీద పెడితే చదునుగా తెరుచుకుంటోంది.

చివరగా పోస్టాఫీసు తమ్ముడికి. 1954 చట్టం ప్రకారం ప్రచురించినవాళ్లే సొంత ఖర్చుతో 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో కాపీ పంపాలి. మూలలు నలగకుండా రెండు వైపులా అట్టముక్కలు పెట్టి ఆ నాలుగు పార్సిళ్లూ అతనే కట్టిచ్చాడు.