ఉప్పలపాడు ప్రయాణానికి ముందు ఒక విన్నపం

సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం మనం గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువుకు వెళ్తున్నందున, ఆటిజం ఉన్న వ్యక్తిగా నేను పక్షులను ఎలా గమనిస్తానో ముందే తెలియజేయదలచాను.

నేను చెరువంతా ఒకేసారి చూడలేను. ఒక్క గూడును ఎంచుకొని, అక్కడ జరిగేదంతా వరుసగా నోటు పుస్తకంలో రాసుకుంటాను. నత్తగుల్ల కొంగను అలా చూస్తున్నప్పుడే, పెద్ద పక్షి ముక్కు మూసినా నడుమ సందు మిగిలి ఉంటుందనీ, పిల్లలకు ఆ సందు ఉండదనీ, ఎదిగేకొద్దీ అది ఏర్పడుతుందనీ గ్రహించాను. క్యాలెండరు కన్నా పక్షులే నాకు ఋతువులను స్పష్టంగా చెబుతాయి: ఎండలు ముదిరేకొద్దీ కోయిల కూత పెరుగుతుంది, మధ్య ఆసియాలో గూళ్ళు కట్టే గులాబీ రంగు గోరింకలు వేసవిలో వెళ్ళిపోతాయి, నైరుతి వానలతో పాటు చాతక పక్షి వస్తుంది. ఏటా అదే క్రమం తిరిగి రావడం నాకు ఎంతో ఊరట.

గూడబాతు పిల్లల అరుపులు ఎంత పెద్దవైనా నేను భరించగలను, ఎందుకంటే అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు తెలుసు. కానీ హఠాత్తుగా మోగే ఫోను, వెనక నుంచి భుజం మీద పడే చెయ్యి నన్ను పూర్తిగా చెదరగొడతాయి. కాబట్టి ఫోన్లను సైలెంట్‌లో ఉంచవలసిందిగానూ, బయలుదేరే వేళ మారితే శనివారం సాయంత్రంలోగా ఇక్కడే తెలపవలసిందిగానూ కోరుతున్నాను. నేను మాట్లాడకుండా కూర్చుంటే అది అలక కాదు. గూళ్ళలో ఉన్న పక్షులకు కూడా మన గోల లేకపోవడమే మేలు. నా నోటు పుస్తకం చూడాలనుకునేవారికి తిరుగు ప్రయాణంలో సంతోషంగా చూపిస్తాను.