అన్ని పాఠాలూ ఒకేలా చదవకు

చిట్టితల్లీ,

లెక్కలు, తెలుగు, సైన్సు, సోషల్ అన్నీ రోజూ చదువుతూనే ఉన్నా లెక్కల్లోనే మార్కులు పోతున్నాయని రాశావు. కష్టంలో లోపం లేదు తల్లీ, అన్నిటినీ ఒకే తీరున చదువుతున్నావు. గీతలు గీసుకుంటూ రెండుసార్లు చదివితే లెక్క రాదు.

లెక్కలు చేతికి రావాలి. క్లాసులో టీచర్ చేసిన లెక్కను సాయంత్రం నోట్సు మూసేసి మళ్లీ చెయ్యి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ నీకు రాలేదన్నమాట. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అనగానే చాలామంది ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసేస్తారు. అంకెలు పెట్టి చూడు. 3, 4 కలిపితే 7, దాని వర్గం 49. విడివిడిగా చేస్తే 9, 16 కలిపి 25 మాత్రమే. తగ్గిన 24 అంటే 2×3×4, మనం వదిలేసిన 2ఎబి. 7 గళ్ల చదరం గీసి, 3 గళ్ల దగ్గర నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీత గియ్యి. 3×4 ముక్కలు రెండు నీ కంటికే కనబడతాయి. ఇక మర్చిపోమన్నా మర్చిపోవు.

సైన్సులో కన్ను ముఖ్యం. కొలజాడీలో నీళ్లు గాజు అంచున కాస్త పైకి పాకి, మధ్యలో గుంటలా ఉంటాయి. ఆ గుంట అడుగుకి సరిగ్గా కన్ను ఆనించి చదవాలి. నిలబడి పైనుంచి చూస్తే కొలత ఎక్కువ వస్తుంది, కిందనుంచి చూస్తే తక్కువ. వచ్చిన అంకెను అప్పటికప్పుడే రికార్డులో వెయ్యి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది కొలత కాదు. సమీకరణం తుల్యం చేసేటప్పుడు ఫార్ములా లోపలి అంకెల్ని ముట్టుకోకు. నీటిలో ఆక్సిజన్ పక్కన 2 పెట్టావంటే అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుంది. ముందుండే అంకెల్నే మార్చాలి.

తెలుగు పద్యం చెవితో నేర్చుకో, పైకి చదువు. గణాలు కట్టేటప్పుడు తప్పు వచ్చేది ఒత్తుల దగ్గరే. ‘సత్యము’లో ‘త్య’ బరువుగా కనిపిస్తుంది గనక గురువు పెట్టేస్తారు. నిజానికి దాని ముందున్న ‘స’ గురువు, ‘త్య’ లఘువు, ‘ము’ లఘువు. అందుకే అది భగణం.

సోషల్‌లో సంవత్సరాన్ని ఒంటరిగా బట్టీ పట్టకు. 1789 ఫ్రెంచి విప్లవం అని రాసి, దాని వెనక ఖజానా అప్పులు, 1788లో దెబ్బతిన్న పంట, పెరిగిన రొట్టె ధర, సామాన్యుల మీద పన్నుల భారం వరసగా పెట్టు. అప్పుడు ‘ఎందుకు’ అని అడిగినా జవాబుంటుంది. డ్రాయింగ్, కంప్యూటర్ పీరియడ్లు కూడా వదులుకోకు, అవీ చేస్తేనే వచ్చేవి.

రోజూ సాయంత్రం ఒక్కో సబ్జెక్టుకీ పది నిమిషాలు, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాసి, తర్వాత తెరిచి సరిచూసుకో. ఆ రోజు పాఠం ఆ రోజే. నాలుగు రోజులు ఆగితే కొత్తగా నేర్చుకున్నట్టే ఉంటుంది.

టీచర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘అర్థం కాలేదండీ’ అని ఊరుకోకు. నోట్సు తెరిచి, మూడో వరస దాకా వచ్చింది, నాలుగోది ఎలా వచ్చిందో తెలియలేదని వేలు పెట్టి చూపించు.

ఆశీస్సులతో,
అమ్మ