చెర్రీ మొక్కలు కొన్నవాళ్ళకు: తప్పు మీ ఎండది కాదు, నా మట్టిది

నమస్తే అండీ. ఈ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా విజయవాడ పక్క పోరంకిలోని మా నర్సరీలో బార్బడోస్ చెర్రీ మొక్క కొన్నవాళ్ళందరికీ ఇది రాస్తున్నాను. కొననివాళ్ళు కూడా చదవొచ్చు, ఊరికే పళ్ళు ఇచ్చే సంగతి కింద ఉంది.

మొక్క ఎదగడం లేదని, ఆకులు పాలిపోతున్నాయని మీలో చాలామంది ఫోటోలు పంపారు. ప్రతి ఫోటోకీ నా దగ్గర ఒక జవాబు రెడీగా ఉండేది. ఎండ చాలడం లేదండీ. నీళ్ళు ఎక్కువయ్యాయండీ. కుండీ మార్చారు కదా, కుదురుకోవడానికి టైం పడుతుందండీ. ఒక పెద్దావిడ పాపం నా మాట నమ్మి, కుండీని మనిషిని పెట్టి మూడో అంతస్తు మిద్దె మీదికి ఎక్కించారు. జూలైలో ఆవిడే ఆ మొక్కని పీకి సంచిలో వేసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఎండ అన్నావు, ఎండ చూపించాను. ఇప్పుడు నువ్వు చూడమ్మా" అన్నారు.

మట్టి దులిపితే వేళ్ళ పొడవునా బుడిపెలు, సగ్గుబియ్యం గుచ్చిన దారంలా. వేరుబుడిపె నులిపురుగు, అంటే మట్టిలో ఉండి వేళ్ళకి ఇలా బుడిపెలు పుట్టించే, కంటికి కనపడనంత సన్న పురుగు. పదకొండేళ్ళుగా మొక్కలు అమ్ముతున్నదాన్ని, చూడగానే తెలిసింది. కానీ ఒక్క మొక్కనైనా కవరులోంచి తీసి చూడటానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆవిడ వెళ్ళాక షెడ్డులో మిగిలినవి పది విప్పాం. ఎనిమిదింటికి ఉంది.

ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తేలింది. మాది నల్లమట్టి, కవర్లలో నింపడానికి ఎర్రమట్టి బయటి నుంచే తెప్పించుకోవాలి. జనవరిలో వచ్చిన రెండు ట్రాక్టర్ల మట్టి, అంతకుముందు టమాటా, వంగ వేసిన చేలో తవ్వింది. ఆ రెండు పంటలూ ఈ పురుగుకి పుట్టిల్లు లాంటివి. ఎక్కడి మట్టి అని జనవరిలో అడిగి ఉంటే డ్రైవర్ అప్పుడే చెప్పేవాడు, నేనే అడగలేదు. పైగా ఈ పురుగు రాకుండా ఎప్పుడూ కలిపే వేపపిండి, ఈసారి రేటు పెరిగిందని సగమే కలిపించాను. బార్బడోస్ చెర్రీకి వేళ్ళు పైపైనే ఉంటాయి, ఈ పురుగుని అసలు తట్టుకోదు. మందారానికో మల్లెకో ఎక్కువ జాగ్రత్త పడి దీని దగ్గర అశ్రద్ధ చేశాను.

ఆ మట్టిలో పెంచి అమ్మినవి 212 మొక్కలు. బిల్లు ఉన్నా లేకపోయినా, మొక్క బతికున్నా చచ్చినా, మీ 180 రూపాయలు వెనక్కి తీసుకోవచ్చు, లేదా కొత్త మొక్క తీసుకోవచ్చు. కొత్తవి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్టులోనే పెంచుతున్నాం, మట్టి ఒక్క పిడికెడు కూడా లేదు. దసరా తర్వాత ఇస్తాను. తొందరపెట్టకండి, వేళ్ళు కవరు నిండకముందే ఇచ్చేస్తే మళ్ళీ ఇదే కథ. ఇకపై కొత్తగా కొనేవాళ్ళకి ధర 250. కోకోపీట్ ఖర్చు అది, దాచేదేం లేదు.

మొక్క బాగానే ఉందనిపిస్తే ఊరికే పీకకండి. కుండీ అంచున నాలుగు వేళ్ళ లోతు మట్టి తీసి సన్నవేళ్ళు చూడండి. నున్నగా ఉంటే వదిలేయండి. బుడిపెలు ఉంటే ఆ మట్టిని మాత్రం పక్క కుండీల్లో కలపొద్దు, ముఖ్యంగా టమాటా, బెండ, వంగ కుండీల్లో. దాన్ని బాగు చేయాలంటే మే ఎండలే దిక్కు. మట్టిని తడిపి, పల్చగా పరిచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ కప్పి, అంచులు గాలి దూరకుండా మూసి, నెల నెలన్నర అలా ఉంచాలి. ఇప్పుడు వానల్లో కుదరదు కాబట్టి సంచిలో కట్టి పక్కన పడేయండి. మేలో అలా ఎండబెట్టాక ఆ మట్టిలో మొదట బంతి వేయండి, ఆ వేళ్ళంటే ఈ పురుగుకి పడదు.

పూత రాలిపోతోందని అన్నవాళ్ళకి: దాంట్లో మాత్రం నా తప్పు కొంతే. మన ఏప్రిల్, మే ఎండలకి పూత నిలవడం కష్టం, వానలు పడ్డాక వచ్చే పూతే మనకి గట్టి పూత. పువ్వు విచ్చిన మూడు నాలుగు వారాలకే పండు చేతికొస్తుంది, అంత తొందర. ఇంకో సంగతి, ఈ చెట్టు వెస్టిండీస్, మధ్య అమెరికా వైపుది. అక్కడ దీని పువ్వులో తేనెకి బదులు ఊరే నూనె కోసం వచ్చే తేనెటీగ జాతులు వేరే ఉన్నాయి. మన దగ్గర అవి లేవు, మన తేనెటీగలకి ఈ పువ్వుతో పెద్దగా పని లేదు. అందుకే చెట్టు నిండా గులాబీ రంగు పూత ఉన్నా పిందెలు పదే కనపడతాయి. పొద్దున్నే మెత్తటి బ్రష్‌తో ఆ పువ్వుకీ ఈ పువ్వుకీ తాకించండి. వేరే తల్లిచెట్టు నుంచి వచ్చిన మొక్క పక్కన ఉంటే ఇంకా నయం. ఒకే చెట్టు కొమ్మలు నాటి పెంచిన రెండు మొక్కలు నిజానికి ఒకటే మొక్క, లాభం లేదు. అందుకే ఈసారి కవర్లకి రెండు రకాల దారం కడుతున్నాను. ఎర్రదారం కడియం నుంచి తెచ్చిన చెట్ల పిల్లలు, తెల్లదారం మా అత్తగారి ఊరి చెట్టువి. ఎర్రది మీరు, తెల్లది పక్కింటివాళ్ళు పెట్టుకున్నా చాలు, మధ్యలో పిట్టగోడ ఉన్నా పర్వాలేదు.

ఇక పళ్ళ డబ్బాల సంగతి. జూన్ ఆఖర్లో 200 గ్రాముల డబ్బా 120కి అమ్మడం మొదలుపెట్టాను కదా, ఆపేశాను. ఈ పండు కోసిన రెండో రోజుకే మెత్తబడుతుంది, మూడో రోజుకి పులుస్తుంది. బెంజ్ సర్కిల్ దాటేలోపే డబ్బా అడుగున ఎర్రనీళ్ళు. పద్నాలుగు మందికి డబ్బులు తిరిగి ఇచ్చేశాను. ఎవరికైనా రాకపోతే చెప్పండి. కేకు మీద పెట్టే చెర్రీలా ఉంటుందనుకుని కొన్నవాళ్ళకి ఇంకో మాట: మన బేకరీల్లో ఆ ఎర్రగా తియ్యగా ఉండేది చాలాచోట్ల చెర్రీయే కాదు, పాకంలో ఊరబెట్టి రంగు వేసిన వాక్కాయ. కాశ్మీరు చెర్రీ వేరే, దానికి చలి కావాలి, విజయవాడలో ఎన్నేళ్ళు పెంచినా కాయదు. మనది పేరుకే చెర్రీ, గింజలు కూడా ఒకటి కాదు, మూడు ఉంటాయి.

అమ్ముకోలేని పళ్ళు వెనక ఆరు చెట్లకీ కాస్తూనే ఉంటాయి కదా. మొదట మా వీధిలో ఇళ్ళకి గిన్నెల్లో పంపాను. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదంటారు, మా వీధిలో ఆ పట్టింపు ఇంకా ఉంది. ఒక గిన్నెలో కరివేపాకు, ఒకదాంట్లో రెండు మునక్కాయలు, ఒకదాంట్లో పండగ కాకపోయినా పరమాన్నం వచ్చాయి. ఎదురింటి మామ్మగారి గిన్నె మాత్రం వారం రాలేదు. మరచిపోయారనుకున్నాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం మూత పెట్టి తెచ్చారు. తీస్తే పప్పు.

"ఇదేంటండీ?"

"నీ పళ్ళే. ఉత్తగా తింటే పళ్ళు జివ్వుమన్నాయి. వాక్కాయ పప్పులా చేశాను. గింజలు తీయడానికే పొద్దుపోయింది, అందుకే ఇన్నాళ్ళు వాయిదా వేశాను."

బాగుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు, వాక్కాయంత ఘాటు పులుపు కాదు. మీరూ చేయాలంటే బాగా ఎర్రబడినవి కాకుండా, నారింజ రంగుకి తిరిగినవి తీసుకోండి. గింజలు ముందు తీయనక్కర్లేదు, ఉడికించి జల్లెడలో నలిపితే గుజ్జు దిగుతుంది. మామ్మగారికి ఈ చిట్కా చెబితే ముందే చెప్పొద్దా అని కేకలేశారు.

విటమిన్ సి అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ నాకూ వచ్చింది. 100 గ్రాముల పండులో సుమారు 1,600 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది, నారింజలో యాభై చిల్లర. అంతవరకు నిజం. పచ్చికాయలో ఇంకా ఎక్కువ. కానీ ఇది తింటే ఆ జబ్బు పోతుంది, ఈ జబ్బు పోతుంది అన్నవి నేను అనలేదు, నా పేరు పెట్టి పంపకండి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు డాక్టర్ని అడిగి తినండి.

ఇప్పుడు రెండో విడత పళ్ళు ఎర్రబడుతున్నాయి. మొక్క కొన్నా కొనకపోయినా రావచ్చు, డబ్బు లేదు. పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా వెనక గేటు తీసి ఉంటుంది, ఎండెక్కితే పండు మెత్తబడుతుంది. మీరే కోసుకోండి, కొమ్మ వంచకండి. లేత కొమ్మల నూగు కొందరికి దురద పెడుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే మంచిది. గిన్నె మీరే తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవరులో వేస్తే ఇంటికి వెళ్ళేలోపే నలిగిపోతాయి. ఆదివారం సెలవు.